రఘునాథపల్లి దాకా నా ముడి

జూలై 3, గురువారం

విత్తనాల దుకాణం వాళ్లు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. ఆర్నెల్లుగా మా బియ్యం డబ్బా ఒరగకుండా దాని కింద ఉంది. ఈ రోజు బయటికి లాగాను. డబ్బా ఒరిగింది, నా భార్య రుఖయ్యా నోరు లేచింది.

తెలుగులోనే రాస్తున్నాను. ఆమె ఉర్దూ చదువుతుంది, తెలుగు చదవదు. జనగామ సర్కారు బడిలో నేను ఏడో తరగతి దాకా చదివిన చదువు నలభై నాలుగేళ్ల కాపురంలో మొదటిసారి పనికొచ్చింది. అల్లాకు వేల వేల శుక్రియాలు.

రాయాలనిపించడానికి కారణం సోమయ్య. మా లారీ అడ్డాలో హమాలీల జమేదారు. పొద్దున చాయ్ తాగుతూ, ఆకాశం వైపు చూస్తూ, ఆకాశానికే చెప్తున్నట్టు అన్నాడు: "సత్తార్ భాయ్, అరవై ఎనిమిదేండ్లొచ్చినయి. ఇగ లోడు మీదికెక్కుడు బంద్ వెట్టరాదు?"

ఎంత ప్రేమ! నా మోకాళ్ల మీద నాకన్నా వాడికే ఎక్కువ జాలి. అక్కడే, డ్రైవర్లందరి ముందూ కసమ్ తిన్నాను, ఒట్టేశాను. "నేను కట్టిన లోడు తొవ్వల వదులైందని ఎవ్వడన్న నా మొకం మీద చెప్పుండ్రి. ఆ దినమే దిగుత. మళ్ల తాడు ముట్ట."

ఒక్కడూ నోరు తెరవలేదు. తెరవడానికేముంది? నలభై మూడేళ్లు. బియ్యం, పత్తి, దాణా, గడ్డి. ఏ లోడైనా సరే, నేను వానకు తడవకుండా తాటిపత్రి గుడ్డ కప్పి తాడు బిగించానంటే భూపాలపల్లిలో దించేవాళ్లు నన్ను తిట్టుకుంటూ విప్పుతారు. ఆ తిట్లే నాకు సర్టిఫికెట్లు.

మా అడ్డాలో ఒక మర్యాద ఉంది. కట్టినవాడు కిందికి దిగాక డ్రైవరు ముడి పట్టి చూడడు. చూస్తే, దావత్‌కు పిలిచినవాడి ఎదుటే బిర్యానీలో వేలు పెట్టి ఉప్పు చూసినట్టు. నా ముడిని ఇంతవరకు ఎవడూ పట్టి చూడలేదు. అదీ నా ఇజ్జత్.

జూలై 5, శనివారం

ఈ రోజు సంతోషం పట్టలేక రాస్తున్నాను.

నా బిడ్డ హుమేరా, అల్లుడు పర్వేజ్ రెండేళ్ల కింద రఘునాథపల్లి రోడ్డు మీద చాయ్ హోటల్ పెట్టారు. అప్పుడు నేనే అన్నాను, ఆ రేకుల పాకలోకి ఈగలు కూడా రావని. తప్పయింది. జనగామలో లేచిన ప్రతి లారీ అక్కడ ఆగుతోంది. ప్రతి లారీ! ఇక్కడ అడ్డాలో చాయ్ తాగి, మీసం తుడుచుకుని బండెక్కిన డ్రైవరుకు ఇరవై నిమిషాల్లో మళ్లీ దాహమేస్తోంది.

మోతీలాల్‌ను అడిగాను. గూడూరు దగ్గర తండా పిల్లవాడు, మహబూబాబాద్ జిల్లా మొత్తంలో ఇంత నెమ్మదైన డ్రైవరు లేడు. "ఏందిరా, మా అల్లుని చాయ్ గంత మంచిగుంటదా?"

వాడు టైరు వైపు చూస్తూ చెప్పాడు: "చాచా, ఆడ ఆగకుంటే నాకు పాణం నిమ్మళముండది."

పర్వేజ్ చాయ్ నేను తాగాను. గ్లాసులు కడిగిన నీళ్లకు రంగు వేసినట్టుంటుంది. అయినా జనానికి నచ్చింది. నా అల్లుడు భాగ్యవంతుడు, నా బిడ్డ భాగ్యవంతురాలు, ఈ జిల్లా డ్రైవర్లకు మాత్రం నాలుక లేదు.

జూలై 6, ఆదివారం

పీర్ల పండుగ. అడ్డా బంద్. చేతులకు పని లేక రెండుసార్లు మంచం తాళ్లు బిగించాను. రుఖయ్యా రెండుసార్లు కింద పడబోయింది. బిగించింది నేనే, వదులవడం మాత్రం మంచం తప్పు.

జూలై 8, మంగళవారం

ఈ ప్లాస్టిక్ తాళ్లు కనిపెట్టినవాడికి సన్మానం చెయ్యాలి. నూనె పూసుకున్న పాముల్లా జారుతున్నాయి. వెనకటి జనుము మోకు మెలిక వేస్తే చచ్చేదాకా మాట మీద నిలబడేది. ఇవి ముడి వేస్తుండగానే వెళ్లొస్తామంటున్నాయి.

ఆఖరి మెలిక బొటనవేలితో నొక్కిపట్టి లాగాలి. కుడి బొటనవేలు కొంచెం మొద్దుబారింది. కొంచెమే. దవాఖానలో డాక్టరు నరం అన్నాడు. నేను తాడు అన్నాను. ఎవరి చదువు వాళ్లది.

కప్పు పగిలింది. పిల్లి తోసిందని చెప్పాను.

"మనింట్ల పిల్లెక్కడిది?" అంది రుఖయ్యా.

పక్కింటి పిల్లి.

జూలై 11, శుక్రవారం

హుమేరా రోజూ ఫోన్ చేస్తుంది. "అబ్బా, ఇయ్యాల ఏ బండ్లు కట్టినవ్? ఎన్ని గంటలకు లేసినయి? తాటిపత్రి ఒకటా, రెండా?" మేం ఇంట్లో ఉర్దూలోనే మాట్లాడుకుంటాం. ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను, రుఖయ్యా కళ్లు పడకుండా.

ఏ తండ్రికి ఉంది ఇంత అదృష్టం? పక్కింటాయన కొడుకు ఆయనకు పండుగకొకసారి ఫోన్ చేసి 'తిన్నావా' అంటాడు. నా బిడ్డ బండి నంబరుతో సహా అడుగుతుంది! నేనూ వివరంగా చెప్తాను. మోతీలాల్‌ది పదింటికి లేచిందంటే, "సరే, పదిన్నరకల్లా వస్తడు" అని లెక్క కూడా వేస్తుంది. చాయ్ వేడిగా పెట్టడానికి కాబోలు. వ్యాపారం అంటే అదీ!

పదకొండేళ్ల వయసులో ఒకసారి పత్తి లోడు మీదికి ఎక్కేసింది. చేయి పట్టి దించి రెండు తగిలించాను. ఆడపిల్లకు లారీ మీద ఏం పని? ఆ తర్వాత మంచం కోళ్లకు ముడులు వేస్తూ కూర్చునేది. విప్పడానికి నాకు గంట పట్టేది. అంత అల్లరి పిల్ల ఈ రోజు ఎంత పద్ధతిగా గల్లా ముందు కూర్చుంటోందో!

జూలై 16, బుధవారం

రేపు బిడ్డ హోటలు వైభవం కళ్లారా చూస్తాను. మోతీలాల్ బండిలో వెళ్లి అక్కడ దిగుతాను. హుమేరాకు చెప్పను. ఆశ్చర్యపోవాలి.

జూలై 18, శుక్రవారం

నిన్న రాయలేకపోయాను. వేళ్లు తడిసి ఉబ్బాయి. నిన్నటిదంతా ఇప్పుడు రాస్తున్నాను.

మోతీలాల్ బండికి రెండు వందల నలభై బియ్యం బస్తాలు, భూపాలపల్లి హాస్టళ్లకు. మబ్బు పట్టింది. రెండు తాటిపత్రులు కప్పాను. ముందుది వెనకదాని మీదికి రావాలి. అప్పుడే ఎదురుగాలి లోపల దూరదు. అది సరిగ్గానే వేశాను. ఇప్పటికీ అంటున్నాను, అది సరిగ్గానే వేశాను.

"నేను గుడ వస్తున్నరా, రఘునాథపల్లిల దిగుత" అన్నాను.

మోతీలాల్ ముఖం పాలిపోయింది. "వద్దు చాచా, సీటు చినిగింది."

"నా లుంగీ గుడ చినిగిందే."

"ఇంజిను మస్తు వేడెక్కుతది చాచా."

"చలికాలం రమ్మంటవా?"

"బిరేకులు గుడ సక్కగ పడ్తలేవు."

"బిరేకుల్లేని బండికి రెండు వందల నలభై బస్తాలెక్కించినవా? నడువ్!"

దారి పొడుగునా వాడు అద్దంలో వెనక్కి చూస్తూనే ఉన్నాడు. ఎంత బాధ్యత గల పిల్లవాడని మురిసిపోయాను.

హోటలు ముందు బండి ఆగగానే పర్వేజ్ మోకు చుట్ట భుజాన వేసుకుని బయటికి వచ్చాడు. నన్ను చూశాడు. ఒక క్షణం ఆగి, ఆ మోకును రెండు గుంజల మధ్య కట్టి, దాని మీద తువ్వాలు ఆరేశాడు.

"బట్టలకు మామూ" అన్నాడు.

మణికట్టంత లావు మోకు మీద తువ్వాలు ఆరేసే అల్లుడు! ఎంత గట్టి సంసారం అనుకున్నాను. నా తెలివికి నిజంగా దిష్టి తియ్యాలి.

హుమేరా లోపలి నుంచి వచ్చింది. నన్ను చూసింది, మోతీలాల్‌ను చూసింది, బండి వెనక భాగం వైపు చూసింది. మోతీలాల్ చాయ్ తాగాడు. రెండోది తాగాడు. బండి చుట్టూ తిరిగాడు. మూడోది అడిగాడు. ముగ్గురూ ఒకరినొకరు చూసుకుంటున్నారు, నోటితో మాట్లాడితే పన్ను పడుతుందన్నట్టు.

ఓపిక పట్టలేక నేనే అరిచాను. "ఏందిరా, వాన మీదికొస్తాంది, ఈడ్నే కాపురం వెడ్తవా? నా లోడుకు ఏం గాదు, పో!"

వెళ్లాడు. నేను తరిమితేనే వెళ్లాడు. ఈ మాట రెండుసార్లు రాయాలి. నేను తరిమితేనే వెళ్లాడు.

అరగంటకు మోతీలాల్ ఫోన్ వచ్చింది. హుమేరా వింది, ఒక్క మాట అడగలేదు. మోకు మీది తువ్వాలు లాగి పడేసి, మోకును చుట్టి స్కూటీ మీద వేసుకుంది. నేను వెనక ఎక్కి కూర్చున్నాను.

"అబ్బా, వానల తడుస్తవ్. దిగు."

"నా లోడు."

స్కూటీ ముందుకు దూకించింది. స్టేషన్ ఘన్‌పూర్ చేరకముందే రోడ్డు పక్కన కనబడింది బండి. వెనక తాటిపత్రి లేచి కొట్టుకుంటోంది. ఒక మూల నుంచి తాడు వేలాడుతోంది. దగ్గరికి వెళ్లి పట్టి చూశాను. చిరగలేదు, తెగలేదు. ఎవరూ ఎప్పుడూ ముడి వేయనట్టు శుభ్రంగా, తిన్నగా ఉంది.

మోతీలాల్ పరుగెత్తుకొచ్చాడు. "గాలి చాచా! గిసొంటి గాలి నా పుట్టుకల సూడలే!"

వాన నిట్టనిలువుగా పడుతోంది. పక్కనున్న తుమ్మచెట్టు ఆకు కదలడం లేదు.

హుమేరా చున్నీ నడుముకు చుట్టి, టైరు మీద కాలు పెట్టి, రెండు అంగల్లో పైన ఉంది. తడిసిన తాటిపత్రి ఎంత బరువుంటుందో నాకు తెలుసు. అంచు పట్టి, మోకాలితో నొక్కి, పరిచేసింది. కిందికి దూకి, కొక్కేనికి తాడు తగిలించి, బాడీకి కాలు తన్ని పెట్టి వెనక్కి వాలి లాగింది. ఆఖరున ఒక మెలిక వేసింది.

ఆ మెలిక నేను ఎవరికీ నేర్పలేదు. నా గురువు నాకు నేర్పిన మెలిక అది. అడ్డాలో మరొకడికి రాదు.

పద్నాలుగు బస్తాలు తడిశాయి.

తిరిగి వచ్చేటప్పుడు స్కూటీ మీద వెనక నుంచి అడిగాను. ముఖాలు కనబడకపోతే అడగడం సులువు.

"ఎన్నొద్దుల సంది కడుతున్నవ్?"

"హోటలు వెట్టినప్పటి సంది."

"ఎవ్వరెవ్వరియి?"

ఒక గతుకు తప్పించి చెప్పింది. "చాయ్ తాగినోళ్లందరియి."

జూలై 19, శనివారం

గాలి అన్నారు. నా ముఖం మీద ఎవరూ వదులైందని అనలేదు. కసమ్ కసమే.

జూలై 20, ఆదివారం

కసమ్‌లో ఏమన్నానో మళ్లీ గుర్తు చేసుకున్నాను. 'ఎవ్వడన్న నా మొకం మీద చెప్పుండ్రి.' నేను చూశాను, నిజమే. కానీ చూడటం చెప్పడం కాదు. చట్టం అంటే అక్షరాలా చూడాలి. పైగా తాడు ప్లాస్టిక్‌ది. పైగా రోడ్డు గతుకులు. పైగా మోతీలాల్ బ్రేకులు సరిగ్గా లేవని వాడే ఒప్పుకున్నాడు.

నేను వకీలు కావలసినవాడిని. ఏడో తరగతితో ఆపేశారు.

జూలై 21, సోమవారం

రెండు లోడ్లు కట్టాను. రెండూ లేచాయి. ఇరవై నిమిషాల తర్వాత ఆ డ్రైవర్లకు దాహమేస్తుందని తెలిసి, నా నోరు ఎండిపోయింది.

సోమయ్యను పక్కకు పిలిచి అడిగాను. "మొన్న ఘన్‌పూర్ కాడ ఏమైందో తెలుసా?"

"గాలంట గదా భాయ్."

"నీకెవలు చెప్పిండ్రు?"

"అందరంటున్నరు."

జనగామ అడ్డా మొత్తం వాతావరణ శాఖ అయిపోయింది.

"సోమయ్యా, నీకు నిజం తెలుసు."

వాడు తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. "తెల్సు. అందుకే ఆ దినం మెల్లగ దిగుమన్న. నువ్వేం జేసినవ్? అందరి ముంగట కసమ్ తిన్నవ్. ఇగ ఎవడు చెప్తడు? చెప్పినోడు నీ బువ్వల మన్ను వోసినోడైతడు. నా నోటితోని నేను చెప్ప భాయ్. గాలే."

జూలై 22, మంగళవారం

రుఖయ్యాకు తెలుసు. రెండేళ్లుగా తెలుసు. తెలుగు రాకపోయినా అన్నీ చదివేసింది.

"నువ్వన్న చెప్పొచ్చు గదా?" అన్నాను.

"చెప్తే దిగుతవ్. దిగితే ఇంట్ల ఉంటవ్. దినమంత నిన్నెవలు పడాలె, హుమేరా అబ్బా?"

ఇంత ప్రేమను నేను తట్టుకోలేను. అయినా ఆమె వెళ్లిపోతూ నా కుడి చేతిని తీసుకుని, బొటనవేలిని కాసేపు పిసికింది. వేలికి ఏమీ తెలియలేదు. మిగతా నాకు తెలిసింది.

జూలై 23, బుధవారం

బస్సెక్కి రఘునాథపల్లి వెళ్లాను. పర్వేజ్ నన్ను చూడగానే మోకు దాచబోయాడు.

"తువ్వాలు తడిగుంటే ఆరేసుకో" అన్నాను. పాపం, చెవులు ఎర్రబడ్డాయి.

హుమేరాను బెంచీ మీద ఎదురుగా కూర్చోబెట్టాను.

"నా మొకం మీద చెప్పు."

"ఏం చెప్పాలె?"

"తెలుసు నీకు."

"నేను చెప్ప అబ్బా. నన్ను అడుగకు."

"రెండేండ్ల సంది వానల, ఎండల నా ముడులిప్పి మళ్ల కడితివి. ఒక్క మాటకు ఓపిక లేదా?"

ఆమె గ్లాసులు తుడిచింది. తుడిచిన గ్లాసులే మళ్లీ తుడిచింది. తర్వాత నా ముందుకు వచ్చి నిలబడింది. కళ్ల నిండా నీళ్లు.

"అబ్బా. నువ్వు కట్టిన లోడు తొవ్వల వదులైంది."

ఏడుస్తాననుకున్నాను. నవ్వొచ్చింది. ఇంతమంది ఇన్నాళ్లు నన్ను అరచేతిలో పెట్టుకుని మోస్తుంటే, ఒక్కతి కింద పెట్టింది. కింద నేల గట్టిగా ఉంది. ఎంత హాయి!

"దిగిన" అన్నాను. "ఇగ నువ్వు ఎక్కు. అడ్డాకు రా. దొంగతనంగ ఎందుకు, అందరి ముంగట కట్టు."

"పదకొండేండ్లప్పుడు కొట్టి దించినవ్."

"దించిన."

"రెండు దెబ్బలు."

"రెండే కొట్టిన్నా? నాకు మూడు గుర్తుంది."

అప్పుడు నవ్వింది. ఆలోచించి షరతు పెట్టింది. "పొద్దుగాల వచ్చి పది గొట్టేదాక కడుత. తర్వాత హోటలు చూసుకోవాలె. ఇంకోటి, నేను కడుతుంటే నువ్వు పక్కపొంటి నిలవడి నేర్పొద్దు. ఒక్క మాట అన్నా తాడు పడేసి వొస్త."

ఒప్పుకున్నాను. ఈ షరతు నా ప్రాణం తీస్తుంది. అయినా ఒప్పుకున్నాను.

జూలై 24, గురువారం

అడ్డాలో చెప్పాను. "నా లోడు వదులైంది. నా బిడ్డ నా మొకం మీద చెప్పింది. నేను దిగిన. సోమవారం సంది హుమేరా కడుతది."

సోమయ్య గొంతు సవరించుకున్నాడు. "గది మంచిదే భాయ్... గని ఆడివిల్ల. లారీ మీద. నలుగురు ఏమంటరో..."

ఆ నలుగురూ అక్కడే ఉన్నారు. యుగేందర్ అనే డ్రైవరు, ఎప్పుడూ ఒక్క మాట మాట్లాడని మనిషి, బీడీ పారేసి లేచాడు. "జమేదారూ, రెండేండ్ల సంది నా బండి ఆమె ముడి మీదనే పోతాంది. నువ్వు నీ పెండ్లాన్ని దవాఖానకు తీస్కపోయింది గుడ నా బండిలనే, హుమేరా కట్టిన లోడుతోనే. అప్పుడు ఏమన్లేదే?"

"గప్పుడు నాకు తెల్వది గదా!"

"ఇప్పుడు తెల్సింది. గంతే ఫరక్."

మోతీలాల్ అందరికన్నా గట్టిగా నవ్వాడు. తర్వాత నా దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు: "చాచా, ఆ దినం గాలి లేకుండె."

"అవునా? నేను గమనించనే లేదురా" అన్నాను.

జూలై 26, శనివారం

వాన. నిద్ర లేదు. ఎవరికీ నేర్పకూడదని నాలుక కరుచుకోవడం అభ్యాసం చేస్తున్నాను. రుఖయ్యా కూర వండుతుంటే ఉప్పు గురించి మాట్లాడబోయి ఆపుకున్నాను. ఆమె నా నుదురు పట్టి చూసింది, జ్వరమేమోనని.

జూలై 28, సోమవారం

ఏడింటికల్లా వచ్చింది. పాత సల్వార్, నడుముకు చున్నీ, కాళ్లకు పర్వేజ్ బూట్లు. దాణా లోడు, మహబూబాబాద్‌కు. అడ్డా మొత్తం పని మానేసి నిలబడింది. ఇంతమంది పనిలేనివాళ్లు మా ఊళ్లో ఉన్నారని నాకు ఈ రోజే తెలిసింది.

మాట ప్రకారం నోరు మూసుకున్నాను. తాడు చుట్ట పైకి విసిరాను. అది చేతులతో చేసేది, నోటితో కాదు. పట్టుకుంది. రెండోది విసిరాను. అప్పుడు కిందికి చూసి అరిచింది.

"అబ్బా! బస్తాలు జారితే మీద పడ్తయి. దూరం జరుగు!"

నలభై మూడేళ్లలో నాకు ఎవరూ చెప్పని మాట. రెండడుగులు జరిగాను.

"ఇంకా దూరం!"

జరిగాను. బండ్లు తూచే కాంటా దాకా జరిగాను. అక్కడ గోడకు ఆనుకుని నిలబడ్డాను. నా చుట్టూ ఎవరూ లేరు. అక్కడి నుంచి ఆమె పిడికెడంత కనబడుతోంది, లోడు మాత్రం మొత్తం కనబడుతోంది.

మొత్తం! ఇన్నేళ్లు లోడు పైన ఉన్నాను, లేదా కొక్కేల దగ్గర వంగి ఉన్నాను. దిగగానే మరో బండి పిలిచేది. కట్టిన లోడు ఎట్లా ఉంటుందో దూరం నుంచి ఒక్కసారి కూడా చూడలేదు. నాలుగు మూలలూ సమంగా, తాళ్లు ఒకదాని మీదుగా ఒకటి వాలి, నీలం తాటిపత్రి ఎక్కడా ముడత లేకుండా, ఏనుగు మీద పరిచిన పట్టుగుడ్డలా ఉంది. బండి మెల్లగా కదిలి మలుపు తిరిగేదాకా చూశాను. మలుపు తిరిగాక కూడా చూశాను.

ఇంత అందంగా ఉంటుందని నలభై మూడేళ్లలో ఒక్కడు చెప్పలేదు. అబద్ధాలు చెప్పడానికి మాత్రం అందరికీ నోళ్లున్నాయి.